‘టిల్ ఫ్రైడే’నా... ‘బై ఫ్రైడే’నా?

ఆఫీసు మెయిల్‌లో పెద్ద పెద్ద ఇంగ్లిష్ పదాలు కరెక్ట్‌గానే పడతాయి. మనల్ని పట్టించేది ఇన్, ఆన్, బై, టిల్ లాంటి చిట్టి మాటలే. తెలుగులో అనుకుని ‘లో’కి ఇన్, ‘మీద’కి ఆన్, ‘తో’కి విత్ అని అతికించేస్తాం. కొన్నిసార్లు అతుకుతుంది, కొన్నిసార్లు అతకదు.

అయితే అన్ని తప్పులూ ఒకటి కాదు. కోడ్‌లో వార్నింగ్ వేరు, బగ్ వేరు కదా, ఇదీ అంతే. ‘డిస్కస్ అబౌట్’ అన్నా అందరికీ అర్థమవుతుంది. ‘గురించి’ అన్న అర్థం డిస్కస్‌లోనే ఉంది కాబట్టి అబౌట్ తీసేస్తే సరి. ‘మ్యారీడ్ విత్’ కాదు, ‘మ్యారీడ్ టు’. బస్సు లోపల కూర్చున్నా ‘ఆన్ ద బస్’ అనే అంటారు (సంక్రాంతికి టాప్ ఎక్కి ఊరెళ్లేవాళ్లకి భలే సరిపోతుంది!). కారుకి మాత్రం ‘ఇన్’. వీటివల్ల ఎవరి కొంపా మునగదు.

డెడ్‌లైన్ల దగ్గరే అసలు చిక్కు. ‘ఐ విల్ సెండ్ ఇట్ టిల్ ఫ్రైడే’ అని రాస్తుంటారు. శుక్రవారం దాకా రోజూ పంపుతూనే ఉంటారా ఏంటి? ఇక్కడ తెలుగే కాపాడుతుంది. మనసులో ‘శుక్రవారం కల్లా’ లేదా ‘లోపు’ అని వస్తే బై. ‘శుక్రవారం దాకా లీవ్’ అంటే టిల్. మరి ఆ శుక్రవారం కూడా లీవేనా? ఆ డౌట్ ఇంగ్లిష్‌లోనూ ఉంది. అందుకే ‘బ్యాక్ ఆన్ మండే’ అని ఒక ముక్క కలపండి.

‘ఇన్’ ఇంకా తిరకాసు. ‘ఐ విల్ కాల్ యూ ఇన్ టెన్ మినిట్స్’ అని క్లయింట్ అంటే, మనం ‘పది నిమిషాల్లో’ అనుకుని వెంటనే ఫోన్ పట్టుకు కూర్చుంటాం. అతని లెక్క మాత్రం దాదాపు పది నిమిషాలయ్యాక. ఆ లోపే అని చెప్పాలంటే వితిన్ అంటారు. మీరు ‘వితిన్ టూ డేస్’ అని రాసి మూడో రోజు పంపితే మాట తప్పినట్టే. నన్నడిగితే, డెలివరీ విషయంలో ఇవేవీ వద్దు, తేదీ రాసేయడమే మంచిది.

ఇక ‘నుంచి’. ‘2022 నుంచి’ అన్నా, ‘మూడేళ్ల నుంచి’ అన్నా మనకి ఒకటే మాట. ఇంగ్లిష్‌లో రెండు. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్. మీ రెజ్యూమెలో ‘సిన్స్ త్రీ ఇయర్స్’ ఉందేమో, ఓసారి ఓపెన్ చేసి చూడండి.