పనిచోటి భాష, ఇంటి భాష

మన పిల్లలు రేపు చెన్నపట్టణమున ఉద్యోగములలో చేరినపుడు తెలుగు ఎందుకు పనికివచ్చునని తల్లిదండ్రులు కొందరు ప్రశ్నించుచున్నారు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. కనుక పనిచేయు చోట్ల భాషానియమములు ఏమి కోరుచున్నవో, ఏమి కోరుట లేదో వివరింపదలచితిమి.

ముందుగా ప్రభుత్వ కార్యాలయముల మాట. 1956 నాటి చట్టము తమిళమును ఈ రాష్ట్రమునకు అధికారభాషగా నిర్ణయించినది. 2023లో శాసనసభ ఆమోదించిన సవరణ ననుసరించి, రాష్ట్రప్రభుత్వోద్యోగములకు పోటీపడువారు తమిళ పరీక్షలో నూటికి 40 మార్కులకు తక్కువ కాకుండ పొందవలెను. ఇందు తప్పుపట్టవలసినది లేదు. అర్జీతో వచ్చిన రైతుకు అతని భాషలో బదులు చెప్పలేని ఉద్యోగి ఎంత చదివినను ప్రయోజనమేమి? కేంద్రప్రభుత్వ కార్యాలయముల స్థితి వేరు. అచ్చట హిందీ వాడుకను గూర్చి 1976లో చేసిన నియమములు తమిళనాడునకు వర్తింపవు.

ఇక కర్మాగారములు. ప్రవేశద్వారము వద్ద పెట్టవలసిన ప్రకటనలు ఇంగ్లీషులోను, కార్మికులలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలోను ఉండవలెనని 2025 వరకు అమలులో నుండిన 1948 నాటి కర్మాగారముల చట్టము విధించియుండెను. చదువరికి అర్థము కాని ప్రకటన లేనట్లే గదా! ఐతే మాట కలుపుటకు చట్టమొక్కటే చాలదు. 1918లో పెరంబూరు మిల్లుల కార్మికులు మద్రాసు లేబర్ యూనియనును స్థాపించుకొన్నపుడు అధ్యక్షుడైన బి. పి. వాడియా పార్సీ. ఆయన ఇంగ్లీషున ప్రసంగింపగా, ఇతరులు దానిని తమిళమున చెప్పుచుండిరి. ఆ సంఘము నిలిచినది రెండుభాషలు తెలిసినవారి తోడ్పాటువలననే.

ఈ నియమములన్నియు ప్రజలతోడి వ్యవహారమును, కార్మికుల క్షేమమును గూర్చినవే. ఇంటిభాషను మరువవలెనని ఏదియు కోరుట లేదు. తక్కినది మర్యాదకు సంబంధించినది. భోజనవేళ ఇరువురు తెలుగువారు తెలుగున మాటలాడుకొనుట తప్పు కాదు. తెలుగు తెలియని మూడవవాడు ప్రక్కన కూర్చున్నపుడు మువ్వురకు తెలిసిన భాషలోనికి మారుట సంస్కారము. దీనిని పిల్లలకు మనమే నేర్పవలెను.

తెలుగువలన లాభమును లేకపోలేదు. నెల్లూరు, చిత్తూరు ప్రాంతములనుండి చికిత్సకై చెన్నపట్టణమునకు వచ్చు రోగులు అనేకులు. వారి బాధను వారి మాటలలోనే వినగల నర్సు, మందుల మోతాదును తెలుగున చెప్పగల దుకాణదారు ఎంత అవసరమో ఊహింపుడు. ఉత్తరమున సరిహద్దు దాటినంతనే శ్రీసిటీలో కర్మాగారములు వెలసినవి. రెండుభాషలు వచ్చినవారికి అట్టిచోట్ల విలువ హెచ్చు.

ఇప్పుడు బడి సంగతి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము 2006-07లో ఒకటవ తరగతితో ఆరంభించి, ఏటేటా పైతరగతులకు తమిళమును నిర్బంధపాఠ్యముగ చేయ నుద్దేశించినది. ఆ చట్టమే ఇతర మాతృభాషలవారు తమ భాషను ఐచ్ఛికముగ చదువవచ్చునని చెప్పినది. రాజ్యాంగము 30వ అధికరణమున భాషాల్పసంఖ్యాకులకు స్వీయ విద్యాసంస్థలను నడుపుకొను హక్కును ఒసగినది. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది.

హక్కు కలదు, కాని ఐచ్ఛికమైన దానిని విడుచుట సులభము. తమిళమును బడియు వీధియు నేర్పును. ఇంగ్లీషును పై చదువులు నేర్పును. తెలుగును మన ఇల్లును, ఈ పాఠశాలయు నేర్పనిచో ఈ నగరమున నేర్పువారు అరుదు. కావున తల్లిదండ్రులకు మా విన్నపము: పిల్లలచే తమిళమును శ్రద్ధగా చదివింపుడు. దానికై తెలుగును మాత్రము మానిపింపకుడు. దినమునకొక పుట బిగ్గరగా చదివించి, నెలకొకమారు అమ్మమ్మకో తాతగారికో తెలుగున ఉత్తరము వ్రాయించినచో, ఆ భాష వారి చేతిలో నిలుచును.