మీకు తెలుసా? కప్పు గెలిచిన జట్టుకు మరుసటేడు సొంత మైదానమే లేదు!

2008లో అట్టడుగున నిలిచిన హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్, మరుసటేడే ఐపీఎల్ విజేత! 2009 మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించింది. ఆ ఏడాది పోటీలన్నీ దక్షిణాఫ్రికాలోనే. గెలిచిన జట్టును సొంత మైదానమైన ఉప్పల్‌లో చూడాలన్న ముచ్చట 2010కి మిగిలింది.

అదీ తీరలేదు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉండటంతో హైదరాబాద్ జట్టు 'సొంత' మ్యాచ్‌లు నవీ ముంబయి, నాగ్‌పూర్, కటక్‌లకు తరలిపోయాయి. హైదరాబాద్ దగ్గరి జిన్నారం కుర్రాళ్లకు ఉప్పల్ అంటే నగరానికి ఆ చివర, అయినా వెళ్లగలిగే దూరమే. ఆ ఏడాది మాత్రం టీవీయే గతి.

మార్చి 12న కోల్‌కతాతో మొదటి మ్యాచ్. తొలి బంతికే చమిందా వాస్ వికెట్ తీశాడు. కోల్‌కతా 31కే 4 వికెట్లు పోగొట్టుకుంది. ఇక చుట్టేసినట్టే అనుకుంటుండగా ఏంజెలో మాథ్యూస్, ఒవైస్ షా నిలదొక్కుకున్నారు. చార్జర్స్ 11 పరుగుల తేడాతో ఓడింది.

ఆ తర్వాతా ఎగుడుదిగుళ్లే. వరసగా ఐదు ఓటములు, ఆ వెంటనే వరసగా ఐదు గెలుపులు! అలా సెమీస్ చేరి చెన్నై చేతిలో ఓడింది. మూడో స్థానం పోటీలో అయితే 82కే ఆలౌట్. అయినా అత్యధిక వికెట్ల పర్పుల్ క్యాప్ మాత్రం మనవాడిదే: ప్రజ్ఞాన్ ఓజా, 21 వికెట్లు.