సముద్రగర్భమును చూడబోవు వారికి బస ఎక్కడ?

సముద్రపు అడుగున ఏమున్నదో చూడవలెనను కోరిక మనిషికి పాతదే. అది సామాన్యునకు సాధ్యమైనది మాత్రము ఇటీవలనే. 1943లో ఫ్రాన్సు దేశీయులు జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను ఇరువురు, వీపునకు కట్టుకొన్న సిలిండరులోని గాలిని ఆయా లోతునకు తగిన ఒత్తిడితో నోటికందించు సాధనమును సిద్ధపరచిరి. అంతకు పూర్వము నీటి అడుగున ఎక్కువసేపు పనిచేయువానికి చాలవరకు పడవ మీది నుండి గొట్టము ద్వారా గాలి పంపవలసి వచ్చెడిది. ఈ సాధనము వచ్చిన తరువాత మనిషి చేపవలె స్వేచ్ఛగా తిరుగగలిగెను. ఇట్లు మునుగుటనే స్కూబా డైవింగు అనుచున్నారు.

గోలకొండ మంత్రి మాదన్న పేరు నిలుపుకొన్న మన మాదన్నపేటకు సముద్రము చాల దూరము. నాటి గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారము బందరు రేవు. అయినను నేడు పాతబస్తీ ఇండ్లలో కూడ, సెలవులకు ఏదైన ద్వీపమునకు పోయి సముద్రములో మునిగి వత్తమను మాట వినిపించుచున్నది. కరీబియన్ సముద్రములోని ద్వీపముల చిత్రములను చూచి ముచ్చటపడువారు చాలమంది ఉన్నారు. అట్టి వెచ్చని నీరు, అట్టి పగడపు దిబ్బలు బంగాళాఖాతమునకు ఆవలి అంచున అండమాను దీవులలోనే ఉన్నవి. పోర్ట్ బ్లెయిరు అని మనమెరిగిన పట్టణమునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. అచటి నుండి ఈశాన్యముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున సముద్రములో హేవలాక్ దీవి కలదు. దానికి 2018 చివర స్వరాజ్ ద్వీప్ అను పేరు పెట్టిరి. మన దేశమున డైవింగు కొరకు ఎక్కువమంది పోవు తావులలో అది ముఖ్యమైనది.

అట్టి యాత్రకు బయలుదేరువారు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ‘ఏ హోటలు బాగుండును?’ గది ఎట్లున్నది, కిటికీలో నుండి సముద్రము కనిపించునా, భోజనమెట్లుండును అని విచారింతురు. ఇవన్నియు అడుగదగినవే. కాని నీటిలో మునుగబోవువాడు వీటికంటె ముందు మరి రెండు సంగతులు తేల్చుకొనవలెను. చివరి మునకకును తిరుగు విమానమునకును నడుమ ఎన్ని గంటలున్నవి? ఆ గంటలను ఎచ్చట గడపవలెను? బసను తిరుగు ప్రయాణము నుండి వెనుకకు లెక్కించుకొని నిర్ణయించుట క్షేమము. దీనికి కారణము మన శరీరములోనే ఉన్నది.

నేలమీద నుండు మనపై గాలి వేయు ఒత్తిడిని ఒక పాలు అనుకొందము. సముద్రములో పది మీటర్ల లోతున ఆ ఒత్తిడి రెండు పాళ్ళగును. ఇరువది మీటర్ల వద్ద మూడు పాళ్ళు. ఆ లోతున మనము పీల్చు గాలియు అంత ఒత్తిడితోనే ఊపిరితిత్తులలోనికి వచ్చును. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని. మామూలుగా అది మనకు మేలుగాని కీడుగాని చేయదు. ఒత్తిడి హెచ్చినప్పుడు మాత్రము అది రక్తములోను, కండలలోను, క్రొవ్వులోను ఎక్కువగా కరుగును. పైకి మెల్లగా వచ్చినచో అది ఊపిరితో పాటు బయటకు పోవును. ఒత్తిడి ఒక్కసారి తగ్గినచో శరీరములోనే బుడగలు కట్టును. సోడాసీసా మూత తీసినప్పుడు జరుగునది అదే గదా! అందువలననే నేర్పరులు నిమిషమునకు తొమ్మిది మీటర్లకు మించని వేగముతో పైకి వత్తురు. అయిదు మీటర్ల వద్ద మూడు నిమిషములు ఆగుదురు.

పైకి వచ్చినంత మాత్రమున శరీరములో చేరిన నత్రజని అంతయు పోదు. పూర్తిగా పోవుటకు గంటల కాలము పట్టును. ఈ లోపున విమానమెక్కిన ఏమగును? విమానము లోపలి గాలి నేలమీది గాలి వంటిది కాదు. ఎత్తుగా పోవునప్పుడు అందలి ఒత్తిడి సుమారు 2,000 మొదలు 2,400 మీటర్ల ఎత్తుగల కొండమీద నుండు ఒత్తిడికి సమానమగును. అనగా సీసా మూతను మరికొంచెము వదులు చేసినట్లే. అందువలన వైద్యనిపుణులు కొన్ని హద్దులు సూచించిరి. ఒకే ఒక సాధారణమైన మునక మునిగినవారు కనీసము 12 గంటలు ఆగవలెను. ఒకే దినమున పలుమార్లు గాని, వరుసగా కొన్ని దినములు గాని మునిగినవారు కనీసము 18 గంటలు ఆగవలెను. ఇరువదినాలుగు గంటలు ఆగుట మరింత మేలు.

మాదన్నపేట నుండి ఒక కుటుంబము సోమవారమునాడు బయలుదేరి ఆదివారము ఉదయము ఎనిమిది గంటల విమానమునకు తిరిగి వచ్చునట్లు టిక్కెట్లు కొన్నదనుకొందము. వచ్చినదానికి పూర్తి ఫలము దక్కవలెనని వారు శనివారమునాడు కూడ మునుగుదురు. మధ్యాహ్నము మూడు గంటలకు చివరి మునక ముగియును. సాయంకాలపు పడవలో శ్రీవిజయపురము చేరి, తెల్లవారి విమానమెక్కుదురు. లెక్క చూచిన పదునేడు గంటలు. నిద్రపోయితిమి, అలసట తీరినది అని వారనుకొందురు గాని, హద్దు ఒక గంట తప్పినది. చౌకగా దొరికినదని ఎన్నుకొన్న ఉదయపు విమానమే ఇందుకు కారణమైనది.

ఈ కుటుంబమే లెక్కను వెనుక నుండి మొదలుపెట్టినచో ఏర్పాటు వేరుగా నుండును. సోమవారపు రాత్రి శ్రీవిజయపురములో బస. మంగళవారము ఉదయము పడవలో స్వరాజ్ ద్వీప్ చేరుట. బుధ, గురు, శుక్రవారములు మునకలకు. శుక్రవారము మధ్యాహ్నముతో అవి సరి. శనివారము పడవలో వెనుకకు వచ్చి, ఆ రాత్రి శ్రీవిజయపురములో బస. ఆదివారము ఉదయము విమానము. దీనివలన మరొక మేలు కూడ కలదు. స్వరాజ్ ద్వీప్ నుండి పెద్ద దీవికి వేగముగా పోవు పడవలో కూడ సుమారు గంటన్నర పట్టును. సముద్రము కల్లోలముగా నున్న దినమున పడవలు ఆగిపోవుటయు కలదు. చివరి రాత్రి చిన్న దీవిలో గడపువాడు పడవ రానిచో విమానమును పోగొట్టుకొనును. శనివారమును చేతిలో నుంచుకొన్నవానికి ఆ బాధ లేదు.

ఆ శనివారము వృథాయని తలపనక్కరలేదు. 1906లో పూర్తియైన సెల్యులార్ జైలు శ్రీవిజయపురములోనే ఉన్నది. మన తెలుగు విప్లవకారులు కూడ అందు శిక్ష అనుభవించిరి. 1979లో దానిని జాతీయ స్మారకముగా ప్రకటించిరి. పిల్లలకు చూపదగిన స్థలములలో అంతకంటె మిన్న యేది?

ఇక ద్వీపములో ఏ వైపున దిగవలెను? ఈ విషయమున కరీబియన్ ద్వీపముల అనుభవము మనకు కొంత పాఠము చెప్పును. వెనిజులా తీరమునకు ఉత్తరమున బొనేర్ అను డచ్చి ద్వీపము కలదు. 1979లో దాని చుట్టునున్న సముద్రమును రక్షిత ప్రాంతముగా చేసిరి. అచ్చట బాట ప్రక్కన పసుపురంగు పూసిన రాళ్ళే మునుగు తావులకు గుర్తులు. యాత్రికులు బండి అద్దెకు తీసికొని, సిలిండర్లు వెనుక వేసికొని, గట్టు నుండియే నీటిలోనికి నడచి పోవుదురు. గాలి ఏడాదిలో ఎక్కువ కాలము తూర్పు నుండి వీచుటచే పడమటి ఒడ్డు ప్రశాంతముగా నుండును. కావున డైవింగు కొరకు పోవువారు పడమటి వైపుననే దిగుదురు.

అయితే ఆ సూత్రమును మన దీవులకు అట్లే అన్వయింపరాదు. మనకు గాలి ఋతువును బట్టి దిక్కు మారును. నైరుతి ఋతుపవనకాలమున పడమటి తీరమున అలలు లేచును. స్వరాజ్ ద్వీపులో డైవింగు కేంద్రములును, వాటి పడవలును, బసలలో అధిక భాగమును తూర్పు ఒడ్డుననే, గోవిందనగర్, విజయనగర్ ప్రాంతములలో ఉన్నవి. ఈ తీరములను అక్కడివారు మూడవ నెంబరు, అయిదవ నెంబరు బీచి అని అంకెలతో పిలుతురు. పేరు పొందిన రాధానగర్ తీరము ఏడవ నెంబరు. అది పడమటి వైపున, రేవు నుండి సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరమున ఉన్నది. తెల్లని ఇసుక, వెనుక మహావృక్షములు, సూర్యాస్తమయము, అన్నియు అక్కడనే.

ఈ రెండు ఒడ్డులలో దేనినెన్నుకొనవలెను? వరుసగా మూడు దినములు మునుగువారు తూర్పు ఒడ్డుననే దిగుట మంచిది. ఈ దీవులు మన దేశమునకు తూర్పు అంచున ఉండుటచే గడియారమునకంటె ముందే తెల్లవారును; డిసెంబరులో సాయంకాలము అయిదున్నరలోపుననే చీకటిపడును. కావున పనులు ఉదయమే మొదలగును. దూరపు దిబ్బలకు పడవలో గంటకు పైగా పోవలసియుండును. కేంద్రమునకు నడచిపోగల దూరమున బస ఉన్నచో నిద్రయు, బండి అద్దెయు మిగులును. ఒక సంగతి మాత్రము ముందుగా తెలిసికొనవలెను. తూర్పు ఒడ్డున పాటు సమయమున నీరు చాల దూరము వెనుకకు పోయి, రాళ్ళు, చచ్చిన పగడములు బయటపడును. ‘గది ముందే సముద్రము’ అని చెప్పిన చోట ఈతకు తగిన నీరు రోజులో కొన్ని గంటలే ఉండవచ్చును. పిల్లలు ఇసుకలో ఆడుకొనవలెనన్నచో ఒక సాయంకాలము రాధానగర్ పోయి వచ్చుట మేలు. అండమానులో ఉప్పునీటి మొసళ్ళు కలవు. 2010లో ఈ దీవిలోనే ఒక యాత్రికురాలు మొసలివాత పడినది. కాబట్టి ఎచ్చటనైనను హెచ్చరిక పలకలను పాటింపవలెను.

ఇంటిల్లిపాదియు మునుగరు. పదేండ్లు నిండని పిల్లలను సాధారణముగా నీటి అడుగునకు తీసికొనిపోరు. గర్భిణులు మునుగరాదు. ఉబ్బసము, గుండెజబ్బు, చెవిబాధ కలవారు ముందుగా వైద్యుని అనుమతి పొందవలెను. జలుబు చేసిన దినమున ఎవరును మునుగరాదు. చెవులలోని ఒత్తిడి సరిపడక కర్ణభేరికి దెబ్బ తగులవచ్చును. కావున ఒడ్డున ఉండిపోవు నాయనమ్మకును, చిన్నపిల్లలకును అనుకూలమైన నీడ, భోజనము, నడచుటకు సమమైన నేల ఉన్నచో ఆ బస మంచిదే. స్వరాజ్ ద్వీపులో తూర్పు బెంగాలు నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు ఎక్కువ; అన్నము, చేపలకూర విరివిగా దొరకును. శాకాహారులు ముందుగా అడిగి తెలిసికొనుట మంచిది. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులవారిలో నూటికి పదుమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీవిజయపురపు అంగళ్ళలో మన మాట వినిపించినచో ఆశ్చర్యపడనక్కరలేదు.

డైవింగు కేంద్రమునకు అనుబంధముగా నుండు బసలలో గదికిని, మునకలకును కలిపి ఒకే ధర చెప్పుదురు. అది సులువైన ఏర్పాటు. డబ్బు కట్టుటకు ముందు కొన్ని ప్రశ్నలు అడుగవలెను. ఒక శిక్షకుని వెంట ఎందరు క్రొత్తవారు మునుగుదురు? పడవలో ప్రాణవాయువు సిలిండరు ఉన్నదా? గాలి బాగుండక మునక ఆగినచో, జలుబు చేసి మనమే ఆగినచో, సొమ్ము తిరిగి ఇత్తురా? ప్రమాదము జరిగినచో ఎవరికి కబురు పంపుదురు, రోగిని ఎట్లు తరలింతురు? శరీరములో బుడగలు కట్టినవారికి ఒత్తిడి గదిలో నుంచి చికిత్స చేయవలెను. స్వరాజ్ ద్వీపులో మునిగినవానిని అందుకై సముద్రము దాటించి పెద్ద దీవికి చేర్చవలసియుండును. ఈ ప్రశ్నలకు విసుగులేక సమాధానము చెప్పు కేంద్రమును నమ్మవచ్చును. నవ్వి త్రోసిపుచ్చువానిని గది ఎంత బాగున్నను విడిచిపెట్టవలెను.

మునిగి వచ్చిన తరువాత కీళ్ళనొప్పి, తిమ్మిరి, తలత్రిప్పు, చర్మముపై మచ్చలు, కారణము తెలియని నీరసము కనిపించినచో దానిని ప్రయాణపు బడలిక అని దాచుకొనరాదు. వెంటనే శిక్షకునకు తెలిపి, ప్రాణవాయువు తీసికొని, వైద్యునికి కబురు పంపవలెను. తిరిగి మునిగిన తగ్గునని ఎవరైన చెప్పినను వినరాదు.

అండమాను దాక పోలేనివారు విశాఖపట్నము వద్ద రుషికొండలో ఈ విద్య రుచి చూడవచ్చును. అచ్చటను ఇదే లెక్క వర్తించును, కాని అక్కడ విమానము లేకయే ప్రమాదము రావచ్చును. విశాఖ పోయినవారు మరునాడు అరకు చూచుట మన ఆచారము. ఆ రైలుదారిలోని సిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. ఉదయము సముద్రములో మునిగి మధ్యాహ్నమే ఘాటు ఎక్కినచో శరీరమునకు అది చిన్న విమానయానము వంటిదే. కావున అరకు ముందు, సముద్రము వెనుక పెట్టుకొనవలెను. లేదా నడుమ ఒక పూర్తి దినము విశాఖలోనే బస చేయవలెను. మన హైదరాబాదు కూడ సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. రాత్రి రైలులో మెల్లగా వచ్చువారికి అంత భయము లేదు. మునిగిన సాయంకాలమే విమానమెక్కి రాదలచువారు మాత్రము మానుకొనవలెను.

యాత్రకు అనువైన కాలము అండమానులో డిసెంబరు మొదలు ఏప్రిల్ వరకు. అక్టోబరు, నవంబరు మాసములలో బంగాళాఖాతమున తుపానులు పుట్టుట తెలుగువారికి చెప్పవలసిన పని లేదు. టిక్కెట్లు కొనుటకు ముందు కాగితముపై తిరుగు విమానపు గంటను మొదట వ్రాసి, దానిపై ఒక పూర్తి దినమును వదలి, ఆ పైన చివరి మునకను గుర్తించుడు. ఆ వదలిన రాత్రికి శ్రీవిజయపురములో గది దొరికిన తరువాతనే తక్కిన రాత్రులకు గదులు వెదకుడు.