చెరువులో చేప ఎక్కడిది?

వాన పడుతుంది. చెరువు నిండుతుంది. కొన్ని నెలలకు వల వేస్తే చేప పడుతుంది. ఇది అందరం చూసేదే. మరి ఆ చేప ఎక్కడి నుంచి వచ్చింది?

"నీళ్ళుంటే చేపలుండవా అక్కా? వాన నీళ్ళతోనే వస్తయి" అంటారు కొందరు. ఈ మాట కొంత నిజం. కొంత నిజం కాదు.

పరకలు, కొర్రమీను వంటివి చెరువులోనే గుడ్లు పెడతాయి. అక్కడే పిల్లలవుతాయి. కొర్రమీను అయితే తన పిల్లలకు కాపలా కూడా కాస్తుంది. వానాకాలంలో చెరువు అంచున, తుంగ మధ్య, ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా తిరుగుతుంటాయి. పెద్ద చేప దగ్గర్లోనే ఉంటుంది. ఆ గుంపు జోలికి వస్తే ఊరుకోదు. తెలంగాణ ప్రభుత్వం 2016లో ఈ కొర్రమీనునే రాష్ట్ర చేపగా ప్రకటించింది.

కానీ సంతలో ఎక్కువగా అమ్ముడుపోయేవి బొచ్చె, రవ్వ, మోసు. బొచ్చెను కట్ల అని కూడా అంటారు. రవ్వనే రోహు అంటారు, కోస్తాలో శీలావతి అంటారు. మోసుకు మరో పేరు మ్రిగాల. ఈ మూడింటి సంగతి వేరు. ఇవి చెరువులో బాగా పెరుగుతాయి. కడుపులో గుడ్లు కూడా తయారవుతాయి. కానీ చెరువు నీళ్ళలో గుడ్లు పెట్టవు. వాటికి పారే నీరు కావాలి. వానాకాలంలో కొత్త నీటితో పొంగే ఏరు కావాలి. నిలవ నీటిలో ఆ గుడ్లు కడుపులోనే కరిగిపోతాయి.

అంటే, చెరువులో బొచ్చె కావాలంటే పిల్లను బయటి నుంచి తెచ్చి పోయాలి. ఒక ఏడు పోయకపోతే మరుసటి ఏడు వలలో పడేది ఏమీ ఉండదు.

వెనకటి రోజుల్లో ఈ పిల్లలను నదుల్లోనే పట్టేవారు. వరద వచ్చినప్పుడు సన్నని వలలు కట్టి తీసేవారు. అందులో మంచి చేప పిల్ల ఉండేది. దాన్ని తినే చేప పిల్ల కూడా ఉండేది. ఏది ఏదో తెలిసేది కాదు. 1957లో ఈ కష్టం తీరే దారి దొరికింది. ఒరిస్సాలోని కటక్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, తన తోటివారితో కలిసి ఒక పని చేశారు. చేప మెదడు కింద ఒక చిన్న గ్రంథి ఉంటుంది. దాన్ని తీసి, నూరి, ఆ రసాన్ని ఇంకో చేపకు సూది మందుగా ఇచ్చారు. ఆ చేప నది లేకుండానే గుడ్లు పెట్టింది! అది జులై 10వ తేదీ. ఇప్పుడు దేశమంతా ఆ రోజును చేపల రైతుల దినంగా జరుపుకుంటారు. ఇప్పుడు మన చెరువుల్లో పోసే పిల్లలు చాలావరకు ఇట్లా సూది మందుతో పుట్టించినవే. మందు మాత్రం మారింది. గ్రంథి రసం బదులు తయారు మందులు వచ్చాయి.

ఈ మూడు చేపలను కలిపి ఎందుకు పోస్తారు? బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది. రవ్వ నడుమ మేస్తుంది. మోసు అడుగున బురదలో మేస్తుంది. ఒకే ఇంట్లో ముగ్గురు తోడికోడళ్ళు, మూడు వేరే పొయ్యిలు! ఒకరి కూడు ఒకరు లాక్కోరు. అందుకే ఒకే చెరువులో మూడూ పెరుగుతాయి. మేత బాగా దొరికి, కిక్కిరిసి లేకపోతే, బొచ్చె ఒక ఏడాదిలో కిలో దాకా తూగుతుంది.

ఇక పిల్ల పోసే రోజు సంగతి. అసలు చూసుకోవలసింది ఇక్కడే.

తెలంగాణలో చెరువులకు ఉచితంగా చేపపిల్లలు ఇచ్చే పథకాన్ని 2016లో ప్రభుత్వం మొదలుపెట్టింది. రెండు సైజుల పిల్లలను అనుకున్నారు. ఎండాకాలం ఎండిపోయే చెరువుకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల. ఏడాదంతా నీళ్ళుండే పెద్ద చెరువుకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల. అంటే ఎంత? మొదటిది అంగుళంన్నర. రెండోది మూడు నాలుగు అంగుళాలు, వేలంత పొడవు.

పెద్ద చెరువుకు పెద్ద పిల్ల ఎందుకు? ఎండని చెరువులో పాత చేపలు ఉండిపోతాయి. కొర్రమీను, వాలుగ అక్కడ కాచుకుని ఉంటాయి. చిన్న పిల్లను పోస్తే వాటికి విందు పెట్టినట్టే. వేలంత పిల్ల అయితే ఈది తప్పించుకుంటుంది. స్కేలుబద్ద ఒకటి చెరువు దగ్గరికి తీసుకుపోతే చాలు. పది పిల్లలను తీసి కొలిస్తే సంగతి తెలుస్తుంది.

తరవాత లెక్క. వేల పిల్లలను ఒక్కొక్కటిగా లెక్కించడం ఎవరివల్లా కాదు. దానికి ఒక ఉపాయం ఉంది. అడుగున చిల్లులున్న ఒక గిన్నె తీసుకుంటారు. గిన్నె నిండా పిల్లలను తీసి లెక్కిస్తారు. ఇట్లా మూడుసార్లు చేస్తారు. మొదటిసారి 96 వచ్చాయనుకుందాం. రెండోసారి 104. మూడోసారి 100. మూడూ కలిపితే 300. మూడుతో భాగిస్తే 100. అంటే గిన్నెకు వంద. అదే గిన్నెతో 50 గిన్నెలు పోస్తే 5,000 పిల్లలు. సంచుల్లో తెస్తే, ఏవో రెండు మూడు సంచులు విప్పి ఇట్లాగే లెక్కించాలి. ఏ సంచి విప్పాలో తెచ్చినవాళ్ళు చెప్పకూడదు. తీసుకునేవాళ్ళే చూపించాలి.

లెక్క తప్పితే ఏమవుతుంది? కాగితం మీద 10,000 అని రాశారు. చెరువులో పడ్డవి 6,000. తేడా 4,000. వాటిలో సగం బతికి, ఒక్కొక్కటి కిలో తూగాయనుకుందాం. అంటే 2,000 కిలోలు. కిలో వంద రూపాయలు వేసుకున్నా రెండు లక్షలు. ఆ రెండు లక్షలు నీళ్ళలో పోలేదు. నీళ్ళలోకి రానే లేదు.

పిల్లలు అందాయని సంఘం వాళ్ళ చేత సంతకం తీసుకుంటారు. చాలా ఊళ్ళలో ఆ సమయానికి ఆడవాళ్ళు చెరువు దగ్గర ఉండరు. చేపను గంపలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది వాళ్ళు. పడకపోతే పస్తు ఉండేదీ వాళ్ళే. పిల్ల పోసే రోజు మాత్రం అది మగవాళ్ళ పని అనుకుంటారు. ఇది సరైన పద్ధతి కాదు. మహిళా మత్స్య సహకార సంఘాలు కూడా ఉన్నాయి. అందులో సభ్యురాలైన మనిషి, కాగితం మీద రాసిన అంకెను తన కళ్ళతో చదివి, లెక్కతో సరిపోయాకే సంతకం పెట్టాలి. అంకె రాయకుండా ఖాళీ వదిలిన కాగితం మీద అసలే పెట్టకూడదు.

పిల్లను నీళ్ళలో వదలడానికీ పద్ధతి ఉంది. పొద్దున్నే గానీ, సాయంత్రం చల్లబడ్డాక గానీ వదలాలి. సంచిని విప్పకుండా పావుగంట, ఇరవై నిమిషాలు చెరువు నీళ్ళ మీద తేలనివ్వాలి. సంచిలో నీళ్ళ వేడి, చెరువు నీళ్ళ వేడి ఒకటవుతాయి. తరవాత మూతి విప్పి, చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా లోపలికి పోనివ్వాలి. అప్పుడు పిల్లలు తమంతట తామే ఈదుకుంటూ బయటికి వస్తాయి. గట్టు మీద నిలబడి సంచిని గుమ్మరిస్తే చాలా పిల్లలు చస్తాయి. మరునాడు పొద్దున చెరువు అంచు వెంట ఒకసారి నడిచి చూడాలి. తెల్లటి పొట్టలు తేలుతున్నాయా? ఎన్ని? అది కూడా రాసి పెట్టుకోవాలి.

మత్తడి దూకినప్పుడు చేప కూడా దూకుతుంది. అందుకే అక్కడ జాలీ కడతారు. జాలీకి చెత్త పట్టుకుంటే నీళ్ళు పోవు, కట్టకే ముప్పు. వరద రోజుల్లో ఆ చెత్త తీస్తూ ఉండాలి.

చేప ఎదిగాక పట్టడం. గాలం చాలామందికి తెలిసిందే. కర్ర, దారం, బెండు, ముల్లు, ముల్లుకు ఎర. రవ్వ, మోసు పిండిముద్దకు వస్తాయి. కొర్రమీను వానపాముకు, చిన్న కప్పకు వస్తుంది. పట్నాల్లో కొందరికి గాలం ఒక ఆట. చక్రం ఉన్న ఖరీదైన గాలాలతో వచ్చి, గంటలకొద్దీ కూర్చుంటారు. పట్టిన చేపను మళ్ళీ వదిలేసేవాళ్ళు కూడా ఉన్నారు! వింతగా అనిపించినా ఆ సరదా వాళ్ళది. కానీ పిల్ల పోసి, చెరువుకు లీజు కట్టిన సంఘాన్ని అడగకుండా గాలం వేయకూడదు. ఎవరో నాటిన చేనులో కంకులు కోసినట్టు అవుతుంది.

లోపలి నీళ్ళలో వల వేయాలంటే పుట్టి కావాలి. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి బుట్ట. నీళ్ళు రాకుండా వెనక తోలు కట్టేవారు. తరవాత టార్పాలిన్ వచ్చింది, ఫైబర్ పుట్లు వచ్చాయి. కొన్నిచోట్ల థర్మాకోల్ తెప్ప మీద పోతారు. పుట్టికి ముందూ వెనకా లేదు. తెడ్డు ఒక పక్కే వేస్తే అక్కడే తిరుగుతుంది. అందులో కూర్చుంటే బరువు కిందికి ఉంటుంది. లేచి నిలబడితే పక్కకు ఒరుగుతుంది. చాలాసార్లు ముంచేది నీళ్ళు కాదు, కాళ్ళకు చుట్టుకున్న వల. ఈత వచ్చినవాళ్ళనూ అది వదలదు. లైఫ్ జాకెట్ వేసుకుంటే మనిషి తేలుతాడు. అది దొరకకపోతే, గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి పుట్టికి కట్టి ఉంచాలి. మబ్బు పట్టి ఉరుము వినబడితే వలను వదిలేసైనా గట్టుకు రావాలి. వల మళ్ళీ దొరుకుతుంది.

పెద్ద చెరువుల మీద షికారు పడవలు కూడా తిరుగుతాయి. కాకతీయుల నాటి లక్నవరం చెరువుకు ఎంతోమంది పిల్లాపాపలతో వచ్చి పడవ ఎక్కుతారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర షికారు పడవ మునిగి చాలామంది చనిపోయారు. అది వరద మీదున్న నది. చెరువు అంత ఉరవడిగా ఉండదు నిజమే. కానీ మనిషి మునగడానికి నిలువెత్తు నీళ్ళు చాలు. లైఫ్ జాకెట్‌ను చంకలో పెట్టుకోవడం, కింద వేసుకుని కూర్చోవడం కాదు. తొడుక్కుని, బెల్టులు బిగించుకోవాలి. పిల్లలకు పిల్లల సైజుదే అడగాలి. పడవకు ఎంతమంది అనేది పడవ మీద రాసి ఉండాలి. ఎక్కేముందు ఆ అంకె చదవండి. 8 అని ఉంటే ఎనిమిది మందే. ఒళ్ళో కూర్చున్న పిల్ల కూడా అందులో ఒకరు.