వెలుగు పడితే మేలుకునే ప్లాస్టిక్

ప్లాస్టిక్ అనగానే మనకు బిందెలు, బకెట్లు, కరెంటు తీగల మీది తొడుగులు గుర్తుకు వస్తాయి. తీగకు తొడుగు ఎందుకు? ప్లాస్టిక్ గుండా కరెంటు పోదు గనుక. బడిలో మనమంతా చదువుకున్నది ఇదే. అయితే చీకటిలో ఉన్నంతసేపూ ఈ నియమానికి కట్టుబడి ఉండి, వెలుగు పడగానే కరెంటుకు దారి ఇచ్చే ప్లాస్టిక్ పూతలు కూడా ఉన్నాయి. వాటి కోసం ఏ పరిశోధనశాలకో వెళ్ళనక్కరలేదు. మన వీధి చివర జిరాక్స్ షాపులోనే ఉన్నాయి.

జిరాక్స్ షాపులో జరిగేది

జిరాక్స్ యంత్రం లోపల నున్నగా మెరిసే గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని డ్రమ్ము అంటారు. అల్యూమినియం గొట్టం మీద తలవెంట్రుక కన్నా పలుచని పూత, అంతే. యంత్రం ముందుగా చీకటిలో ఆ పూత మీద విద్యుదావేశాన్ని పరుస్తుంది. తరువాత మనం పెట్టిన కాగితం మీద వెలుగు వేస్తుంది. కాగితంలోని తెల్లని చోట్ల నుంచి వెలుగు తిరిగివచ్చి డ్రమ్ము మీద పడుతుంది. పడిన చోటల్లా పూత కరెంటుకు దారి ఇస్తుంది, ఆవేశం కారిపోతుంది. అక్షరాల నీడ పడిన చోట ఆవేశం నిలిచి ఉంటుంది. టోనర్ అనే నల్లని పొడి దానికి అంటుకుంటుంది. ఆ పొడి కాగితం మీదికి మారి, వేడికి కరిగి అతుక్కుంటుంది. ఇది పాత యంత్రాల పద్ధతి. నేటి యంత్రాలు కాగితాన్ని ముందు చదువుకుని, లేజరు వెలుగుతో డ్రమ్ము మీద అక్షరాలు గీస్తాయి. డ్రమ్ము పూత చేసే పని మాత్రం మారలేదు.

ఈ పద్ధతిని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ అమెరికాలో పేటెంటు కాగితాలు చూసే ఉద్యోగి. ఎప్పుడూ నకళ్ళు రాయడమే పని, పైగా కీళ్ళనొప్పులు. 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో, గంధకం పూసిన జింకు రేకును చేతిగుడ్డతో రుద్ది, ఆనాటి తేదీని, ఊరి పేరును మొట్టమొదటి నకలుగా తీశాడు. 1959లో వచ్చిన జిరాక్స్ 914 యంత్రంలో గంధకం బదులు సెలీనియం వాడారు. 1970లో ఐ.బి.ఎం. కంపెనీ పాలీవినైల్ కార్బజోల్ అనే పాలిమర్‌ను తన యంత్రంలో ఉపయోగించింది. వెలుగును పసిగట్టే పాలిమర్ అలా మొదటిసారిగా పెద్దఎత్తున ఆఫీసులలో అడుగు పెట్టింది. సెలీనియం పెళుసు, విషం కూడా. పాలిమర్ అయితే ద్రవంలో ముంచి తీసినంత సులువుగా పూత వేయవచ్చు. కొత్త డ్రమ్ములను నల్లకాగితంలో చుట్టి అమ్మడానికి కారణం కూడా ఆ పూతే. ఎక్కువసేపు వెలుతురు తగిలితే అది పాడవుతుంది.

విడదీయడమే విద్య

పూతలో జరిగేది ఏమిటి? వెలుగు తగలగానే అణువులో ఒక రుణావేశం, ఒక ధనావేశం జంటగా పుడతాయి. అలాగే వదిలేస్తే క్షణంలో మళ్ళీ కలిసిపోతాయి. వాటిని కలవనీయకుండా చెరో దిక్కుకూ పంపాలి. అందుకే నేటి డ్రమ్ములో రెండు పొరలు ఉంటాయి. కింది పొర జంటను పుట్టిస్తుంది, పై పొర ఆవేశాన్ని మోసుకుపోతుంది.

ఇదే సూత్రంతో ఎండ నుంచి కరెంటు తీయవచ్చునని కోడాక్ కంపెనీలో చింగ్ టాంగ్ 1986లో రెండు సేంద్రియ పొరలు కలిపి చూపాడు. అందిన ఎండలో 1 శాతం మాత్రమే కరెంటుగా మారింది. నేడు ప్రయోగశాలలలో అది 19 శాతం దాటింది. సిరా లాగా పూయవచ్చు, బట్ట లాగా వంచవచ్చు. కానీ గాలి, తేమ తగిలితే త్వరగా పాడవుతాయి. మేడమీద ఏళ్ళ తరబడి నిలవడంలో సిలికాన్ పలకలదే ఇప్పటికీ పైచేయి.

కంటిలో ప్లాస్టిక్

మా సంఘం సమావేశంలో ఒకావిడ నన్ను అడిగారు. "అన్నయ్యగారూ, కంట్లో ప్లాస్టిక్ పెట్టి చూపు తెప్పిస్తున్నారట గదా, మా అబ్బాయికి పనికివస్తుందా?" ఆ అబ్బాయికి రెటినైటిస్ పిగ్మెంటోసా. మొదట రాత్రిపూట చూపు తగ్గి, తరువాత పక్కచూపు పోయి, చివరికి గొట్టంలోంచి చూస్తున్నట్లు అవుతుంది. రెటీనాలో వెలుగును పట్టే కణాలు క్రమంగా చనిపోతాయి. వాటి నుంచి కబురు మెదడుకు చేరవేసే నరాల కణాలు మాత్రం చాలాకాలం బతికే ఉంటాయి. చనిపోయిన కణాల చోట వెలుగును పట్టే పాలిమర్ పెడితే?

మన బెంగుళూరులోనే, జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధనా కేంద్రంలో కె.ఎస్. నారాయణ్ బృందం ఈ ప్రశ్నను పట్టుకుంది. వెలుగును గుర్తించే దశకు ఇంకా చేరని కోడిపిల్ల పిండపు రెటీనాను పాలిమర్ పొర మీద ఉంచి వెలుగు వేస్తే, ఆ రెటీనా స్పందించిందని టెల్ అవీవ్ శాస్త్రవేత్తలతో కలిసి 2014లో ప్రకటించారు. ఇటలీ శాస్త్రవేత్తలు 2017లో మరో మెట్టు ఎక్కారు. పట్టు నుంచి తీసిన ప్రోటీను పలుచని రేకు మీద పాలిమర్ పూసి, చూపు పోయిన ఎలుకల కంటిలో అమర్చారు. తీగ లేదు, బ్యాటరీ లేదు. ఎలుకలు వెలుగుకు స్పందించాయి, ఆ ఫలితం నెలల తరబడి నిలిచింది.

ఇంతవరకు విని ఆ తల్లి కళ్ళు మెరిశాయి. మిగిలినది చెప్పడం నాకు కష్టమైంది. ఎలుకలో ఫలించినది మనిషికి చేరడానికి చాలా మెట్లున్నాయి. ఇది ఇంకా ఆసుపత్రిలో దొరికే వైద్యం కాదు. ఎవరైనా డబ్బు తీసుకుని పెడతామంటే నమ్మవద్దని చెప్పాను.

ఆవిడకు చెప్పిన మరికొన్ని మాటలు పాఠకులందరికీ చెబుతున్నాను. రేచీకటి అంటే అన్నిసార్లూ ఈ జబ్బే కాదు. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చినదైతే వైద్యంతో నయమవుతుంది, కనుక ముందు కంటి డాక్టరుకు చూపించాలి. ఇది వంశంలో వచ్చే జబ్బు. మేనరికం చేసుకుంటే ఇరువైపులా దాగి ఉన్న లోపం పిల్లలలో కలిసే అవకాశం పెరుగుతుంది. పొరుగు రాష్ట్రంలో ఉన్నామని, సంబంధాలు దొరకవని అయినవారిలోనే కలుపుకునే అలవాటు మన కుటుంబాలలో ఇంకా ఉంది. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే, పెళ్ళిమాటకు ముందే జన్యు నిపుణుల సలహా తీసుకోండి. పాలిమర్ కన్ను వచ్చేదాకా మన చేతిలో ఉన్న జాగ్రత్త అది.