దీపం పడితే తుపాకీ లేదు

కటికచీకటి. ఎక్కడో పగిలిన గొట్టం నుండి ఆవిరి బుసకొడుతున్న చప్పుడు. అంగారక గ్రహం మీద నిర్మించిన పరిశోధనా కేంద్రంలో, ఇనుప గోడల నడుమ ఇరుకైన నడవలో ఒక సైనికుడు నిలబడి ఉన్నాడు. అతని వద్ద టార్చిలైటు ఉంది, తుపాకీ ఉంది. కాని ఆ రెండింటినీ ఒకేసారి పట్టుకొనే వీలు లేదు. టార్చి వెలిగిస్తే ఎదుటనున్న పిశాచం కనిపిస్తుంది గాని, కాల్చడానికి ఆయుధం ఉండదు. తుపాకీ అందుకుంటే ఆయుధం ఉంటుంది గాని, దేనిని కాల్చాలో కనిపించదు.

ఆ సైనికుడు 2145వ సంవత్సరం నాటివాడు. మరో గ్రహం మీద నివాసం ఏర్పరచుకోగలిగిన మానవజాతికి, తుపాకీకి ఒక చిన్న దీపం కట్టుకొనే ఉపాయం తట్టలేదా? 2004 ఆగస్టులో ‘డూమ్ 3’ అనే వీడియో గేమ్ ముందు కూర్చున్నవారిలో ఎందరినో వేధించిన ప్రశ్న ఇది. ఆట విడుదలైన కొద్ది రోజులకే ఒక అభిమాని దానికి సమాధానం కనిపెట్టాడు. ప్రోగ్రామ్‌లో స్వల్పమైన మార్పు చేసి, తుపాకీకి టార్చిని తగిలించాడు. విరిగిన వస్తువులను అతికించే గట్టి అంటుపట్టీ పేరు మీద దానికి ‘డక్ట్ టేప్’ అని నామకరణం చేసి, కోరినవారందరికీ ఉచితంగా ఇచ్చాడు.

చూపులకు అంతటి ఆటను ఆనాటి ఇంటి కంప్యూటర్లు అంతకుముందు ఎరుగవని విమర్శకులు వేనోళ్ల పొగిడారు. అటువంటి ఆటకు తొలివారంలోనే అంటుపట్టీ వేయవలసిన అవసరం ఎందుకు కలిగింది? ఈ ప్రశ్నకు సమాధానం ఆ ఒక్క ఆటతో ముగియదు. పేరుపొందిన ఆటలకు తరువాయి భాగాలు నిర్మించే పరిశ్రమ అంతటికీ అది వర్తిస్తుంది.

గీతలు, గులకరాళ్లు

తెలుగునాట పాత దేవాలయాల మండపాలలో, రాతినేల మీద చెక్కిన పులిజూదపు గీతలు నేటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి చార ఉండదు, మేకకు కొమ్ము ఉండదు. చేతికందిన గులకరాయే పులి, చింతగింజే మేక. అయినా పొద్దు వాలేదాకా ఇద్దరు మనుషులను కదలనివ్వని శక్తి ఆ గీతలకుంది. కారణం స్పష్టం. ప్రతి ఎత్తులోనూ ఆడేవాడు ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయానికి ఫలితం వెంటనే అనుభవించాలి. ఆటకు ప్రాణం అదే. తక్కినదంతా అలంకారం.

వీడియో గేమ్‌కు కూడా ఈ న్యాయమే వర్తిస్తుందని నిరూపించిన ఆటలలో మొదటి ‘డూమ్’ ఒకటి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రానికి చెందిన ‘ఐడీ సాఫ్ట్‌వేర్’ అనే చిన్న సంస్థ దానిని 1993 డిసెంబరు 10న విడుదల చేసింది. జాన్ కార్మాక్ అనే యువకుడు దానికి ప్రధాన ప్రోగ్రామర్. జాన్ రొమేరో రూపకర్తలలో ప్రముఖుడు.

నేటి కళ్లతో చూస్తే ఆ బొమ్మలు మోటుగా ఉంటాయి. అందులోని పిశాచాలు అట్టముక్కల వంటి చదును బొమ్మలే. ఒక గదిపైన మరొక గది ఉండడానికి వీలు లేదు. ఆటగాడు తలయెత్తి పైకి చూడలేడు, ఎగిరి గంతు వేయలేడు. ఆనాటి సామాన్యమైన కంప్యూటర్లలో కూడా ఆట మెరుపువేగంతో సాగాలని కార్మాక్ బుద్ధిపూర్వకంగా చేసుకున్న సర్దుబాట్లు ఇవి.

ఆ పొదుపు వృథా పోలేదు. చదును బొమ్మలు గీయడానికి కంప్యూటరుకు అట్టే శ్రమ ఉండదు. కనుక ఒకే ఆవరణలో పదుల కొద్దీ పిశాచాలను నిలబెట్టవచ్చు. అవి విసిరే నిప్పుబంతులు కంటికి కనిపించేంత నిదానంగా వస్తాయి. కనుక పక్కకు ఉరికి తప్పించుకోవచ్చు. ఒక పిశాచం విసిరిన నిప్పు పొరపాటున మరొక జాతి పిశాచానికి తగిలితే, ఆ రెండూ కలియబడతాయి. నేర్పరి అయిన ఆటగాడు నడుమ నిలిచి, శత్రువులకు పరస్పరం వైరం పెట్టి, తన గుండ్లు మిగుల్చుకొంటాడు. నిజానికి ఆ ఆటలో అతని ప్రధానాయుధం తుపాకీ కాదు, కాళ్లు.

కొత్త బొమ్మలు కాదు, కొత్త ప్రశ్నలు

మరుసటి సంవత్సరం, 1994లో, ‘డూమ్ 2’ వచ్చింది. ఆటను నడిపే మూలయంత్రాన్ని పరిశ్రమలో ‘ఇంజన్’ అంటారు. రెండవ భాగానికి వాడింది దాదాపు మొదటి భాగపు ఇంజనే. దృశ్యాలలో చెప్పుకోదగిన మార్పు లేదు. చేర్చింది ప్రధానంగా ఒక రెండు గొట్టాల తుపాకీ, కొన్ని కొత్త శత్రువులు.

అయితే ఆ శత్రువులు ఎటువంటివి? ఒకటి, చచ్చిపడిన తోటి పిశాచాలను లేపి మళ్లీ యుద్ధానికి పంపుతుంది. కనుక గుంపులో ముందు దానిని వెదకి పట్టాలి. మరొకటి, ఆటగాడు ఎటు పరుగెత్తితే అటే మళ్లే అస్త్రాన్ని వదులుతుంది. కనుక పక్కకు ఉరికే పాత విద్య దాని ముందు చాలదు. రెండు గొట్టాల తుపాకీ దగ్గరనుంచి కొడితే దెబ్బ భయంకరం. కాని మళ్లీ గుండ్లు నింపుకొనే క్షణాలలో ఆటగాడు నిస్సహాయుడు. చేర్చిన ప్రతి వస్తువూ ఆటగాణ్ణి ఒక కొత్త ప్రశ్న అడుగుతుంది. బొమ్మలు పాతవే అయినా, ఆట మారింది.

నీడల ఖరీదు

పదేళ్లు గడిచాయి. రొమేరో 1996లో సంస్థను వదలి వెళ్లాడు. కార్మాక్ ప్రతిభ మాత్రం ఏటికేడు పదునెక్కింది. 2001 ఫిబ్రవరిలో టోక్యోలో ఆపిల్ సంస్థ వేదిక మీద అతడు తన కొత్త ఇంజన్ తొలి దృశ్యాలను చూపించాడు. 2002లో లాస్ ఏంజెలస్‌లో జరిగిన ‘ఈ3’ ప్రదర్శనలో ‘డూమ్ 3’ విమర్శకుల అగ్రబహుమతి గెలుచుకుంది. బజారులోకి రావడానికి అప్పటికింకా రెండేళ్లు ఉంది. ఆ బహుమతి కంటికి కనిపించినదానికే గాని, ప్రజల చేతులు ఆడి చూసినదానికి కాదు.

కార్మాక్ సాధించినది ఘనకార్యమే. అంతకుముందు చాలా ఆటలలో గోడల మీది వెలుగునీడలను ముందుగానే లెక్కకట్టి, రంగు పూసినట్టు అతికించేవారు. దీపం కదిలితే నీడ కదలదు. ‘డూమ్ 3’లో ప్రతి దీపపు వెలుగూ, ప్రతి వస్తువు నీడా ఆ క్షణానికి ఆ క్షణమే లెక్కకు వస్తాయి. పైకప్పు నుండి వేలాడే దీపం ఊగితే గదిలోని నీడలన్నీ దానితోపాటు ఊగుతాయి. మూల దాగిన పిశాచం నీడ దానికంటె ముందే గోడమీదికి పాకుతుంది.

కాని ఈ వైభవం ఉచితంగా రాదు. ఏ దీపానికి ఏ వస్తువు అడ్డువచ్చిందో, దాని అంచుల వెనుక చీకటి ఎంతమేర వ్యాపించిందో ప్రతి దృశ్యానికీ కొత్తగా లెక్కించాలి. ఒక సెకనులో అటువంటి దృశ్యాలు పదుల సంఖ్యలో ఉంటాయి. దీపాలు పెరిగినకొద్దీ, ప్రాణులు పెరిగినకొద్దీ లెక్క భారమవుతుంది. ఆటలోని అత్యున్నత దృశ్యస్థాయికి 512 మెగాబైట్ల గ్రాఫిక్స్ మెమరీ కావాలని నిర్మాతలు సూచించారు. నాటి ఆటగాళ్లు కొనుక్కోగల మేలైన కార్డులలో ఉన్నది 256.

కంప్యూటరు శక్తి గృహస్థు నెలజీతం వంటిది. ఒకచోట దుబారా చేస్తే మరొకచోట కోత పడక తప్పదు. ఇక్కడ ఆ కోత పడినది శత్రువుల గుంపుల మీద, విశాలమైన ఆవరణల మీద. పదుల కొద్దీ పిశాచాలు విరుచుకుపడే చోట ఇప్పుడు ఒకటి, రెండు, మహా అయితే నాలుగు. పరుగెత్తడానికి వీలైన బయళ్లకు బదులు మలుపులు తిరిగే ఇరుకు నడవలు. నీడలను గొప్పగా చూపాలంటే చీకటి కావాలి. కనుక ఎటు చూసినా చీకటి. తప్పించుకొనే జాగా లేనిచోట కాళ్లకు పని ఏముంది? పాత ఆటలోని ప్రధానాయుధమే కొత్త ఆటగాడి చేజారిపోయింది.

దానికి బదులు అతనికి దక్కింది ఉలికిపాటు. నేలమీది మందుల పెట్టెను అందుకోగానే వెనుక గోడ తెరుచుకుని పిశాచం దూకుతుంది. మొదటిసారి గుండె ఝల్లుమంటుంది. ఇరవయ్యోసారికి, పెట్టె కనిపించగానే ఆటగాడు ముందుగా వెనుదిరిగి గోడవైపు తుపాకీ ఎక్కుపెట్టి నిలబడతాడు. అక్కడ నిర్ణయించుకోవలసింది ఏమీ లేదు. అది కేవలం అలవాటు.

న్యాయంగా చెప్పాలంటే

‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెతతో ‘డూమ్ 3’ని కొట్టిపారేయడం అన్యాయం. పత్రికల సమీక్షలు అధికభాగం దానిని మెచ్చుకున్నాయి. ప్రతులు లక్షల సంఖ్యలో అమ్ముడయ్యాయి. భయానక రసం పండించడం నిర్మాతల ఉద్దేశం. ఆ చీకటికి ఇంజన్‌తోపాటు అదీ కారణమే. దీపమో తుపాకీయో తేల్చుకొమ్మనే నియమం కూడా ఒక విధమైన నిర్ణయాన్ని అడుగుతుంది. ఆ బిక్కుబిక్కుమనే భావన కోసమే దానిని నేటికీ ప్రేమించేవారు ఉన్నారు. వేరొక పేరుతో వచ్చి ఉంటే దాని మీద ఇంత ఫిర్యాదు ఉండేది కాదేమో.

కాని తరువాయి భాగం అన్నది ఒక వాగ్దానం. పాత పేరు చూసి డబ్బు చెల్లించినవాడు ఆ పేరుతో తాను అనుభవించిన ఆనందాన్ని ఆశిస్తాడు. వ్యాపారికి మరొక చిక్కు ఉంది. కొత్త భాగంలో కొత్తదనం ఏమిటో కొనకముందే చూపించాలి. అందమైన నీడను పత్రికలో ఒక్క ఫోటోతో చూపవచ్చు. మంచి ఎత్తుగడలోని ఆనందాన్ని ఏ ఫోటో చూపగలదు? ప్రకటనలో ఇమిడేదానికే పెట్టుబడి పారడం ఇందువల్లనే.

కంప్యూటరు శక్తిని మరొక విధంగా ఖర్చుపెట్టవచ్చునని అదే సంవత్సరం మరొక తరువాయి భాగం చాటింది. ‘వాల్వ్’ సంస్థ నిర్మించిన ‘హాఫ్ లైఫ్ 2’ 2004 నవంబరులో వెలువడింది. దృశ్యాలలో అదీ తీసిపోయినది కాదు. అయితే వస్తువుల బరువు, వేగం, తాకిడి లెక్కించే శక్తిని అది ఆటగాడి చేతికే ఇచ్చింది. దూరాన ఉన్న పీపానో, రంపపు చక్రాన్నో ఆకర్షించి పట్టి శత్రువు మీదికి విసరగల పరికరం అందులో ఉంది. కంప్యూటరు చేసిన లెక్క అక్కడ ఆటగాడి ఎత్తుగడగా మారింది.

తిరుగుప్రయాణం

దిద్దుబాటు నెమ్మదిగా జరిగింది. 2005లో వెలువడిన అనుబంధ భాగంలో రెండు గొట్టాల తుపాకీ తిరిగి వచ్చింది. 2012లో ‘డూమ్ 3’ని మెరుగుపరచి మళ్లీ విడుదల చేసినప్పుడు, నిర్మాతలే సైనికుడి కవచానికి దీపం అమర్చారు. ఇక తుపాకీ దించనక్కరలేదు. అభిమాని వేసిన అంటుపట్టీకి ఎనిమిదేళ్ల తరువాత అధికార ముద్ర పడిందన్నమాట! విచిత్రమేమంటే, ఈసారి కొందరు పాత అభిమానులు భయమంతా పోయిందని నిట్టూర్చారు. ఆ గదులు ఆ చీకటి కోసం కట్టినవి. దీపం తగిలించినంత మాత్రాన ఇరుకు నడవ మైదానమవుతుందా?

అసలు సమాధానం 2016లో వచ్చింది. నాలుగవ భాగం కోసం కొన్నేళ్లు చేసిన పనిని సంస్థ పక్కన పడవేసి, మళ్లీ మొదటి నుండి ఆరంభించింది. ఆ ఏడాది మే నెలలో వెలువడిన ఆటకు సంఖ్య లేదు. పేరు కేవలం ‘డూమ్’. కార్మాక్ అప్పటికి సంస్థలో లేడు. ఆ ఆటలో విశాలమైన ఆవరణలు, పరుగు, గుంపులు తిరిగి వచ్చాయి. దెబ్బలు తిని నీరసించిన పిశాచాన్ని సమీపించి చేతులతో కడతేరిస్తే ఆటగాడికి ఆరోగ్యం చేకూరుతుంది. గాయపడినవాడు సహజంగా వెనక్కు తగ్గాలనుకుంటాడు. ఈ ఆట అతనిని ముందుకు దూకమంటుంది. ఆ ఒక్క నియమం ప్రతి క్షణాన్నీ నిర్ణయంగా మార్చివేసింది.

ఆ ఆట బొమ్మలూ తమ కాలానికి అగ్రశ్రేణివే అన్నది గమనార్హం. అందానికీ ఆటకూ జన్మవైరం లేదు. ఏది ముందు, ఏది వెనుక అన్నదే ప్రశ్న. ఆటగాడు చేయవలసిన పని ముందు తేలితే, దానికి తగిన అందం వెంట వస్తుంది. అందం ముందు తేలితే, దానికి సరిపడే పని వెదకవలసి వస్తుంది.

1993 నాటి ‘డూమ్’ మూల ప్రోగ్రామ్‌ను సంస్థ 1997లో అందరికీ విడుదల చేసింది. నాటి నుండి నేటివరకు అభిమానులు దానికి కొత్త కొత్త అంకాలు నిర్మిస్తూనే ఉన్నారు. జాన్ రొమేరో స్వయంగా 2019లో తొమ్మిది కొత్త అంకాలు రచించి ఇచ్చాడు. 2004లో లోకాన్ని విస్మయపరచిన నీడలు ఆ తరువాతి ఆటల నీడలలో కలిసిపోయాయి. అట్టముక్కల పిశాచాలు మాత్రం ముసలివి కాలేదు. వాటి అందం చూడడానికి ఎవరూ రాలేదు కనుక, ఆ అందం తరిగిపోయిందని ఎవరూ వెళ్లిపోనూ లేదు. మండపంలో పులిజూదపు గీతలు అరిగిపోతే, ఆడదలచినవాడు సుద్దముక్కతో మళ్లీ గీసుకుని కూర్చుంటాడు.