మడ అడవిలో నీటి విహారం

హాస్టల్ విహారయాత్ర అనగానే ఎక్కువమంది కోరేది సముద్రం. కానీ మనలో చాలామందికి ఈత రాదు. అటువంటివారు నీటిని దగ్గరగా, నిశ్చింతగా చూడాలంటే అలల ఒడ్డు కన్నా కోరింగ మడ అడవి మేలు.

కోరింగ అభయారణ్యం కాకినాడ నుండి యానాం వెళ్ళే దారిలో, కాకినాడకు సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఉంది. గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టి మీద ఈ అడవి పెరిగింది. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెట్ల మధ్య పాయల్లో పెద్ద అలలుండవు కనుక పడవ నిదానంగా సాగుతుంది.

మామూలు చెట్లు ఉప్పునీటిలో బతకవు. మరి మడ చెట్టు ఎలా బతుకుతుంది? బురదలో గాలి ఆడదు కనుక దాని వేళ్ళు పెన్సిళ్ళలాగా నేలపైకి పొడుచుకువచ్చి గాలి పీల్చుకుంటాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పును ఆకుల ద్వారా బయటకు పంపుతుంది. ఆ వేళ్ళను తొక్కితే చెట్టుకు ఊపిరాడదు. అందుకే చెక్క వంతెన మీద నుండే నడవాలి. ఇక్కడి తిల్ల చెట్టు కొమ్మలు విరవకూడదు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

సముద్రపు నీరు రోజుకు సుమారు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు తగ్గుతుంది. ఆ వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు వేళ పడవ విహారం బాగుంటుంది. నీరు తీసినప్పుడు వంతెన మీద నుండి పీతలను, బురదలో గెంతే చేపలను చూడవచ్చు. కాబట్టి బయలుదేరేముందే పోటు వేళ కనుక్కోవాలి.

ఈ అడవి వినోదానికే కాదు. చేపపిల్లలు, రొయ్యపిల్లలు ఈ వేళ్ళ నడుమే పెరుగుతాయి. వేట మీద బతికే కుటుంబాలకు ఇదే ఆధారం. ఒకప్పుడు పెద్ద ఓడరేవుగా వెలిగిన కోరంగి 1839 నవంబరు తుఫానులో నాశనమైంది. అటువంటి ఉప్పెనల వేగాన్ని కొంతైనా తగ్గించేవి ఈ చెట్లే.

తిరుగు ప్రయాణంలో సముద్రపు ఒడ్డున ఆగితే ఒక్క మాట గుర్తుంచుకోండి. అలలు విరుగుతున్న ఒడ్డులో ఒకచోట మాత్రం నీరు ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగకండి. ఒడ్డుకు వచ్చిన నీరు తరచుగా అక్కడి నుండే లోపలికి లాగుతుంది. దానిలో చిక్కితే ఎదురీదకూడదు. తేలుతూ చెయ్యి ఎత్తి కేకవేయాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి. మిత్రుణ్ణి కాపాడాలని ఈత రానివారు దూకితే రెండు ప్రాణాలు పోతాయి. తాడో, ఖాళీ డబ్బానో విసిరి, జాలరులను పిలవండి.

పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. పడవలో ఒకే పక్కకు ఒరగకండి. ప్లాస్టిక్ కవర్లు నీటిలో వేయకండి. వెళ్ళినవారందరూ లెక్క తప్పకుండా తిరిగి వచ్చినప్పుడే అది విహారయాత్ర.